ఇంటింటికి చేరిన అర్థశాస్త్రము



నీతిశాస్త్రమన్న పేరు విని పాఱిపోవు బాలుడు, కాకి, ఎలుక, లేడి, తాబేలు కథ యనగానే దగ్గఱకు వచ్చి కూర్చుండును. 1853లో వెలువడిన చిన్నయసూరిగారి నీతిచంద్రికను బడిలో చెప్పుచు నేనీ వింతను పలుమాఱులు కనుగొంటిని. ఇట్టి యుపాయమునే ఇంగ్లండు దేశమున నొక వనిత అర్థశాస్త్రమునకు ప్రయోగించెను. ఆ చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆడమ్ స్మిత్ అను పండితుడు 1776లో దేశముల సంపదను గూర్చి యొక మహాగ్రంథమును ప్రకటించెను. ప్రభుత్వము వర్తకమునకు నిష్కారణముగా నడ్డుపడరాదనియు, గుత్తవ్యాపారము ప్రజలకు చేటనియు, ఎవరి లాభమును వారు వెదకుకొనుటవలన సైతము లోకమునకు మేలు చేకూరవచ్చుననియు నందలి సారము. కాని కూలివాడు గాని, చిల్లరవర్తకుడు గాని యంతటి గ్రంథమును కొని చదువుట యెట్లు? 1816లో జేన్ మార్సెట్ అను నామె యీ శాస్త్రమును సంభాషణరూపమున వ్రాసెను. దానిని 1827లో చదివిన హారియెట్ మార్టినో అను యువతికి, ఈ సూత్రములను కథలలో నిమిడ్చి చెప్పవచ్చునను తలంపు కలిగెను.

ఈమె 1802లో నార్విచి పట్టణమున జన్మించెను. తండ్రి వస్త్రములు నేయించు వర్తకుడు. చిన్ననాటనే యామెకు వినికిడి సన్నగిల్లెను. తండ్రి గతించిన పిమ్మట 1829లో వ్యాపారమును కూలిపోయెను. పగలు కుట్టుపని, రాత్రి రచన. ఇట్లు కాలము గడపెను. 1831 చివఱ లండను నగరమున పుస్తకప్రకాశకుల గుమ్మము లెక్కి దిగెను. కలరా భయమును, పార్లమెంటు సంస్కరణల కలకలమును చెలరేగిన దినములవి. ఈ సమయమున నిట్టి పుస్తకముల నెవరు కొందురని వారు త్రిప్పి పంపిరి. తుదకు చార్లెస్ ఫాక్స్ అను నతడు సమ్మతించెను. కాని ముందుగా 500 మంది చందాదారులు చేరవలెను. మొదటి రెండు సంచికలు పక్షము దినములలో వేయి ప్రతులు చెల్లనిచో పని నిలిపివేయవలెను. ఇవి యాతని నియమములు.

ఆమె వెనుదీయలేదు. పార్లమెంటు ఉభయసభల సభ్యులకును ప్రకటనపత్రములు పంపెను. 1832 ఫిబ్రవరిలో మొదటి సంచిక వెలువడెను. పదిదినములకే ఫాక్స్ మఱి రెండువేల ప్రతు లచ్చొత్తింతమని వ్రాసెను. ఆ యుత్తరము చివఱనే తరువాత చేర్చిన పంక్తులలో నా సంఖ్య మూడు, నాలుగు, ఐదువేలకు పెరిగెను! ఆమె పేర వచ్చు జాబులు బండి లేనిదే మోయనలవి కానన్ని యగుటచే, మనిషిని పంపి తెప్పించుకొనుడని తపాలా అధికారి కబురంపెనట. 1834 నాటికి 25 సంచికలు ముగిసెను.

ఈ విజయమునకు కారణము స్పష్టము. నెలకొక చిన్న పుస్తకము, వెల షిల్లింగున్నర, పుస్తకమున కొక కథ, అందలి సూత్రముల సంగ్రహము. డెమెరారా కథలో బానిసల శ్రమ అన్యాయమే గాక యజమానికి సైతము నష్టకరమని చూపెను. బానిసత్వమును తొలగించు శాసనము 1833లో వచ్చెను. మఱియొక కథ మన పొరుగున నున్న సింహళద్వీపమునకు సంబంధించినది. దాల్చినచెక్కయు ముత్యములును పుట్టు దేశమున పుట్టినవారు, గుత్తాధికారముచే నెట్లు దరిద్రులైరో యందు వర్ణించెను.

అయినను రెండవ ప్రక్కయు చూడవలెను. ఆమెయే 1833, 34లలో పేదల ధర్మసహాయమును గూర్చియు కథలు వ్రాసి, అట్టి సహాయము జనులను సోమరులను చేయునని బోధించెను. 1834లో క్రొత్త చట్టము వచ్చెను. శ్రమింపగల పేదలకు ఇంటివద్ద సాయము మాన్పి, పనిశాలలో చేరిననే కూడు పెట్టవలెనని దాని యుద్దేశము. అచ్చట భర్తను, భార్యను, బిడ్డలను వేఱువేఱుగా నుంచిరి. చట్టమునకు కథలే కారణమనుట తగదు. కాని చదువరుల మనస్సులను వానికి సిద్ధపఱచినవారిలో నామెయు నొకతె.

కావున పెద్దలారా, కథ శాస్త్రమును చేరువ చేయును, అది మహోపకారము. కాని కథలోని పేదవాడు సోమరి యైనంతమాత్రమున మన యూరి పేదవాడు సోమరి కాడు. పుస్తకమును మూసిన పిదప నొకమాఱు వీధిలోనికి తొంగిచూచుట చదువరి ధర్మము.