ఇంటి బట్టీ, సర్కారు ఖజానా

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకోవచ్చు, వైను పులియబెట్టుకోవచ్చు. పులిసిన ఆ ఊటనే రాగి బట్టీకెక్కించి ఒక్క సీసా విస్కీ దింపితే మాత్రం ఫెడరల్ నేరం. అయిదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా పడే అవకాశముంది. ఒకే ఊటకు రెండు న్యాయాలు ఎందుకొచ్చాయో తెలియాలంటే పన్నుల చరిత్రలోకి వెళ్ళాలి.

స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చడానికి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లో సారా మీద సుంకం వేయించాడు. పెన్సిల్వేనియా పడమటి కొండల రైతుకు ఇది పిడుగుపాటు. ధాన్యాన్ని కొండలు దాటించడం గిట్టదు. సారాగా మారిస్తే అదే గుర్రం వీపు మీద ఎన్నో రెట్ల విలువ సంతకు చేరేది. చేతిలో రొక్కం ఆడని ఆ పల్లెల్లో కూలి కూడా సారాతోనే చెల్లేది. సుంకం మాత్రం నాణేల్లో కట్టాలి. 1794లో రైతులు సుంకం అధికారి ఇల్లు తగలబెట్టారు. అధ్యక్షుడు వాషింగ్టన్ సుమారు 13,000 మంది సైన్యాన్ని కదిలించాడు. తిరుగుబాటు చల్లారింది గానీ 1802లో జెఫర్సన్ కాలంలో సుంకమే రద్దయింది. 1812 యుద్ధ ఖర్చుల కోసం కొన్నేళ్ళు మళ్ళీ వేసి తీసేశారు. ఆ మధ్యకాలమంతా పెరట్లో బట్టీ పెట్టుకోవడం అమెరికా రైతుకు పిండిమర పెట్టుకున్నంత మామూలు.

అంతర్యుద్ధం దీన్ని మార్చేసింది. 1862లో గ్యాలనుకు 20 సెంట్లతో మొదలైన సుంకం 1865 నాటికి రెండు డాలర్లకు ఎగబాకింది. సరుకు ఖరీదును మించిన పన్ను అది. ఎగ్గొట్టడం లాభసాటి వ్యాపారమైంది. 1868 చట్టం రేటును 50 సెంట్లకు తగ్గించి, బదులుగా కాపలా బిగించింది. నివాసగృహంలో గానీ, దానికి ఆనుకున్న పాకలో, పెరట్లో గానీ బట్టీ ఉండకూడదన్నది ఆ చట్టంలో ఒక నిబంధన. దాని ఉద్దేశం పన్ను ఎగవేతను అరికట్టడం. ఆనాటి అబ్కారీ అవసరం కోసం పుట్టిన వాక్యం ఒకటిన్నర శతాబ్దం దాటాక కూడా చట్టంలో నిలిచింది.

ఈ నిషేధానికి ఆరోగ్యం, భద్రత పేరుతో చెప్పే కారణాలూ కొంత నిజమే. ఆల్కహాలు ఆవిరి మంటకు తగిలితే పేలుతుంది. దొంగసారా రోజుల్లో పాత కారు రేడియేటర్లను చల్లార్చే గొట్టాలుగా వాడడం వల్ల వాటి అతుకుల్లోని సీసం సారాలో కలిసేది. తెలిసినవాళ్ళు బట్టీ నుంచి మొదట కారే ఘాటైన ధారను పారబోసి, నడిమి ధారనే పడతారు. చివర్లో చప్పబడి కంపు తిరగగానే గిన్నె తీసేస్తారు. పని ఒడుపుతో చేయాల్సిందే. అయితే 1868 చట్టకర్తల దృష్టి వీటి మీద లేదు.

అభిరుచిగా చేసేవారికి మొదటి గెలుపు బీరు వైపు నుంచి వచ్చింది. మద్యనిషేధం 1933లో ముగిశాక ఇంటి వైనుకు వెసులుబాటు దొరికినా ఇంటి బీరుకు దొరకలేదు. కాలిఫోర్నియాలో క్లబ్బులు, సరంజామా అమ్మే దుకాణదారులు పట్టుబట్టగా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ సవరణ తెచ్చాడు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాడు. ఒక వయోజనుడు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు. ఆ చట్టం బట్టీ జోలికి పోలేదు. ఖజానాకు బీరు పన్ను చిన్న మొత్తం, సారా పన్ను పెద్దది కాబట్టి ఈ మౌనం వింతేమీ కాదు.

న్యూజీలాండ్ 1996లో ఈ గీత దాటింది. అమ్మకం లేకుండా సొంత వాడకానికి దింపుకునే సారాకు అక్కడ లైసెన్సు అక్కర్లేదు. అమెరికా ఉద్యమకారులు తరచూ చూపించే ఉదాహరణ ఇదే.

ఆ ఉద్యమానికి కేంద్రం టెక్సస్‌లోని హాబీ డిస్టిలర్స్ అసోసియేషన్. ఇలాంటి సంఘానికి డబ్బే గడ్డు సమస్య. అభిరుచే నేరం కావడంతో సభ్యులు బయటపడి చందా రాయడానికి జంకుతారు. పెద్ద డిస్టిలరీల వద్ద ఉన్నట్టు వాషింగ్టన్‌లో లాబీయిస్టులను నిలబెట్టే స్తోమతు సభ్యత్వ రుసుములకు ఉండదు. కాంగ్రెసులో ఓట్లు కూడగట్టడం ఏళ్ళ తరబడి డబ్బు తాగే పని. దావా ఖర్చు వేరు. సర్కారు అధికారాన్ని ప్రశ్నించాలనుకునే లాభాపేక్షలేని న్యాయసంస్థ తోడైతే ఆ భారం మోసేవారు దొరికినట్టే. కాంపిటీటివ్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అలా తోడైంది.

2023 డిసెంబరులో ఫోర్ట్‌వర్త్ ఫెడరల్ కోర్టులో వ్యాజ్యం పడింది. 2024 జులై 10న జడ్జి మార్క్ పిట్‌మన్ తీర్పిచ్చాడు: పన్ను వేసే అధికారం గానీ, అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం గానీ ఇంటి బట్టీ నిషేధానికి ఆధారం కాలేవు. ఒకప్పుడు పన్ను కోసమే పుట్టిన నిషేధం, పన్ను అధికారం పరిధిలోకి రాదని తేలి ఓడిపోవడం ఈ కథలో గమనించదగిన మలుపు.

అయితే కోర్టు ఇచ్చిన రక్షణ దేశమంతటికీ కాదు, ఆ సంఘానికీ దాని సభ్యులకూ. నిన్నటిదాకా జంకుతూ కట్టిన సభ్యత్వ రుసుమే రక్షణపత్రం అయింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. ఫెడరల్ నిషేధం తొలగినచోట కూడా రాష్ట్రాల చట్టాలు అడ్డుంటాయి: ఇంటి బీరు విషయంలో అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా దారివ్వలేదు.