ఎదురుకాళ్ల అమ్మ

మా అమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అట్లా పుట్టినవాళ్లు తంతే పట్టిన నడుము వదులుతుందని మా ధూళిమిట్టలో నమ్మకం. తెలుగునాట చాలా ఊళ్లలోనూ ఉన్నదే. నాట్ల రోజుల్లో తెల్లారకముందే మా గడప ముందు ఎవరో ఒకరు నడుము మీద చెయ్యేసుకుని నిలబడి ఉండేవారు. "వదినా, నడుం పట్టింది. జర తన్నరాదు."

అమ్మ వెంటనే తన్నేది కాదు. అరుగు మీద చాప పరిచి బోర్లా పడుకోబెట్టేది. ఆముదం వెచ్చజేసి, వెన్నుపూసకు అటూ ఇటూ ఉన్న కండకు అరచేత్తో రాసేది. పూస మీద వేలు పెట్టేది కాదు. వావిలాకు మరిగించిన నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టేది. చివర ఎడమ పాదం మూడుసార్లు ఆనించేది, అంతే. పేరు పాదానికి వచ్చింది గానీ, నడుమును వదిలించింది ఆ కాపడమేనని నా నమ్మకం.

మోట కొట్టిన నడుములవి, నైజాం కాలంలో దొరలకు వెట్టి మూటలు మోసిన నడుములు. 2016 దాకా మాది వరంగల్ జిల్లా. పెద్దాసుపత్రి అంటే వరంగలో, హైదరాబాదో. అంతకన్నా అమ్మ పాదమే దగ్గర.

నొప్పి కాలికి దిగితే మావాళ్లు 'నరం పట్టింది' అంటారు. సుశ్రుతుడు దాన్ని గృధ్రసి అన్నాడు. పూసల మధ్య ఉండే డిస్కు చిట్లి, బయటికి ఉబికి నరాన్ని నొక్కుతుందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ రాశాకే లోకానికి తేటపడింది. అమ్మకు డిస్కు అన్న మాటే తెలియదు. అయినా అడిగేది: "నొప్పి పిర్ర దాటి పిక్కలకు గుంజుతుందా? వేళ్లు మొద్దుబారినయా?" అవునంటే పాదం ఆనించేది కాదు.

ఒక గీతకార్మికుడిని అట్లాగే తిప్పి పంపింది. ఆయన ఇంకోచోట నడుము తొక్కించుకున్నాడు. రెండు రోజులకు తొడల నడుమ స్పర్శ పోయింది, మూత్రం బిగిసింది. ఆ లక్షణాలు కనబడ్డ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. వాళ్లు ఇంకా రెండు రోజులు ఆగారు. ఆపరేషన్ అయినా ఆయన కుడి పాదం ఈడుస్తూనే ఉన్నాడు. తొక్కకపోయినా అట్లా అయ్యేదేమో. కానీ అప్పటినుంచి ఎవరైనా నడుం తొక్కించుకుంటానంటే చేతులు పట్టుకుని ఆపుతున్నాను. చాలామందికి డిస్కు నొప్పి కొన్ని వారాల్లో కోత లేకుండానే తగ్గుతుంది. అంతవరకు కాపడం, బరువులెత్తకపోవడం, మంచానికి అంటుకుపోకుండా కాస్త కాస్త నడవడం.

చివరి ఏళ్లలో అమ్మ నడుముకు నేనే ఆముదం రాసేదాన్ని. నా బొటనవేలు పొరపాటున నడిమికి జరిగితే, కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టి పక్కకు జరిపేది.