పెనుగంచిప్రోలు తిరుపతమ్మ: పేరంటాలు కథ, క్షేత్ర ప్రాధాన్యం

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో, మునేటి ఒడ్డున ఉంది పెనుగంచిప్రోలు శ్రీ లక్ష్మీ తిరుపతమ్మ క్షేత్రం. వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లోని రైతు కుటుంబాలు తిరుపతమ్మను ఇలవేల్పుగా కొలుస్తాయి. దేవాదాయశాఖ ఆధీనంలోని ఈ గుడికి ఖమ్మం, నల్లగొండ, గుంటూరు ప్రాంతాల నుంచీ భక్తులు వస్తారు.

కథ: తిరుపతమ్మ 17వ శతాబ్దికి చెందినదని సంప్రదాయం. గోపినేనిపాలెంలో కొల్లా శివరామయ్య, రంగమాంబ దంపతులకు వేంకటేశ్వరుని వరప్రసాదంగా పుట్టిందంటారు. పెనుగంచిప్రోలుకు చెందిన కాకాని గోపయ్యతో పెళ్లయింది. కరువు కాలంలో గోపయ్య పశువులను తోలుకొని అడవికి వెళ్లాడు. ఆ సమయంలో అత్తా ఆడబిడ్డలు కోడలిని ఆరళ్లు పెట్టారు. ఆమెకు కుష్ఠువ్యాధి సోకగానే పశువుల పాకలోకి నెట్టారు. అయినవాళ్లు వదిలేసిన ఆమెకు పాపమాంబ అనే స్త్రీ అన్నం పెట్టి, ఒళ్లు కడిగి సేవ చేసింది. అడవిలో గోపయ్య పులి వాత పడ్డాడు. తిరుపతమ్మ యోగాగ్నిలో ప్రవేశించి భర్తతో ఐక్యమైంది. ఆమెకు తొలి పూజ చేసింది పాపమాంబేనని స్థానికులు చెబుతారు.

ఆరాధన: మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్లు, అమ్మవారి కల్యాణం జరుగుతాయి. ఫాల్గుణంలో చిన్న తిరునాళ్లు. భక్తులు మునేటిలో స్నానం చేసి, పొంగళ్లు పెట్టి, చీర, పసుపు కుంకుమలు సమర్పిస్తారు. రెండేళ్లకోసారి రంగుల ఉత్సవం వస్తుంది. తిరుపతమ్మ, గోపయ్య, సహదేవతల కొయ్య మూర్తులను ఊరేగింపుగా జగ్గయ్యపేటకు తీసుకెళ్లి కొత్త రంగులు వేయిస్తారు. తిరిగి వచ్చే దారిలో పల్లెల వారు హారతులతో ఎదురేగుతారు. గుడికి రాలేని ముసలివాళ్లకూ అమ్మవారి దర్శనం అప్పుడు దొరుకుతుంది.

ప్రాధాన్యం: భర్తతోపాటు ప్రాణం విడిచిన ఇల్లాలిని పేరంటాలుగా కొలవడం తెలుగునాట పాత ఆచారం. పెనుగొండ వాసవీ కన్యక కథలోనూ అగ్నిప్రవేశం ఉంది. అయితే అక్కడి సంఘర్షణ రాజుతో, ఇక్కడిది అత్తింటితో. తిరుపతమ్మ ఏ రాక్షసుడినీ చంపలేదు, ఏ రాజునూ ఎదిరించలేదు. ఆమె పడ్డవన్నీ సామాన్య కోడళ్లు పడే కష్టాలే. ఆడవాళ్లు ఆమెను తమ ఇంటి మనిషిగా భావించి మొక్కుకోవడానికి ఇదే కారణం. ఎన్.టి.రామారావు, కృష్ణకుమారి నటించిన ‘శ్రీ తిరుపతమ్మ కథ’ సినిమా 1963లో ఈ గాథను తెలుగునాడంతటికీ చేర్చింది.

సతి మహిమ ఒక్కటే చూస్తే ఈ కథలో సగమే అందుతుంది. రోగిని వెలివేసిన ఇంటిని తప్పుపట్టి, ఆమెకు సేవ చేసిన పాపమాంబను గౌరవించడం మిగతా సగం. ఈ క్షేత్రం నేటి సమాజానికి చెప్పే నీతి కూడా అదే.