మిద్దె మీద ధూప్, కొటేషన్‌లో తారీఖ్

1956లో డారిల్ చాపిన్ అనే అమెరికా ఇంజనీరు ఒక హిసాబ్ వేశాడు. రెండేళ్ల ముందు, 1954 ఏప్రిల్‌లో, బెల్ ల్యాబ్స్ దునియాకు చూపించిన సిలికాన్ సోలార్ సెల్‌ను తయారు చేసిన ముగ్గురిలో ఆయన ఒకడు. మిగతా ఇద్దరు కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్. అప్పట్లో ఒక్క వాటు సెల్ ఖరీదు 286 డాలర్లు. ఒక మామూలు అమెరికా ఇంటికి సరిపడా కరెంటు కావాలంటే ఇంటాయన 14 లక్షల 30 వేల డాలర్లు పెట్టుకోవాలని చాపిన్ తేల్చాడు. ఆ పైసలతో ఆ జమానాలో ఇల్లు కాదు, మొహల్లా కొనొచ్చు.

ఇప్పుడు కడపలో మా అమ్మీ పేరు మీదున్న మిద్దెకు మూడు కిలోవాట్ల సోలార్ పెట్టడానికి మూడు కొటేషన్లు వచ్చాయి. అన్నీ రెండు లక్షలకు అటూ ఇటూ. అందులో సర్కారు సబ్సిడీ 78 వేలు పోతుంది. మొదటి కాగితంలో ‘పాలీ’ అని ఉంది, అది అన్నింటికన్నా సస్తా. రెండో దాంట్లో ‘మోనో పెర్క్’. మూడో దాంట్లో ‘టాప్‌కాన్ బైఫేషియల్’, అది కాస్త మెహెంగా. భాయిజాన్ మూడూ వాట్సాప్‌లో నాకు పంపి, “నువ్వు అఖ్బార్‌వాలావి కదా, ఇందులో ఏది అసలు, ఏది నకలు చెప్పు” అన్నారు.

మూడూ అసలే. కానీ ఒక్కోటీ ఒక్కో జమానాలో, ఒక్కో తక్లీఫ్‌కు జవాబుగా పుట్టింది. ఆ తారీఖ్ తెలిస్తే కొటేషన్ చదవడం సులువవుతుంది. ఏ ప్యానెల్ గొప్పది అనే సవాల్ పక్కకు పోయి, మన మిద్దె తక్లీఫ్ ఏమిటి అనే సవాల్ ముందుకు వస్తుంది.

వెలుగు నుంచి కరెంటు పుట్టడం 1839లోనే కనిపెట్టారు. పారిస్‌లో ఎడ్మండ్ బెకెరెల్ అనే కుర్రాడికి అప్పుడు 19 ఏళ్లు, వాళ్ల అబ్బా ప్రయోగశాలలో తజుర్బా చేస్తుంటే కనిపించింది. 1883లో న్యూయార్క్‌కు చెందిన చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారు పొర పరచి ప్యానెల్ చేశాడు. అది తన మీద పడ్డ ధూప్‌లో నూటికి ఒక వంతును మాత్రమే కరెంటు చేసింది. బెల్ ల్యాబ్స్ సెల్ దాన్ని ఆరు వంతులకు తెచ్చింది. అయితే బెల్ కంపెనీకి ఇళ్ల మీద ధ్యాస లేదు. ఉక్కపోత ఎక్కువగా ఉండే ఇలాకాల్లో టెలిఫోన్ బ్యాటరీలు తొందరగా పాడైపోతున్నాయి, వాటికి బదులు కావాలి. అంతే వాళ్ల గరజ్. ఖరీదు చూసి టెలిఫోన్ వాళ్లు పక్కన పెట్టేశారు. ఉపగ్రహాల వాళ్లు మాత్రం అందుకున్నారు. 1958లో వెళ్లిన వ్యాన్‌గార్డ్-1 తన సోలార్ సెల్స్‌తో 1964 దాకా ఖబర్ పంపుతూనే ఉంది. ఆకాశంలో ఖరీదు ఎవరూ అడగరు, బరువు అడుగుతారు.

ప్యానెల్ కిందికి దిగింది చమురు పుణ్యాన. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపగానే అమెరికా సర్కారు సోలార్ మీద పైసలు పెట్టింది. 1975 నుంచి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఒక కార్యక్రమం నడిపింది. కంపెనీల నుంచి విడతలవారీగా ప్యానెళ్లు కొని, వేడిలో, చలిలో, తేమలో ఉంచి, వడగళ్ల లాంటి మంచు గుండ్లతో కొట్టి ఇమ్తెహాన్ పెట్టేవాళ్లు. ఫెయిలైన ప్యానెల్ ఎందుకు ఫెయిలైందో రాసి కంపెనీకి తిరిగి చెప్పేవాళ్లు. పైన గట్టి గాజు, లోపల సెల్స్‌ను అంటిపెట్టుకునే ప్లాస్టిక్ పొర అనే మన ప్యానెల్ రూపం ఆ పరీక్షల్లోనే ఖాయమైంది. ఇవాళ కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో కనిపించే ‘ఐఈసీ 61215’ ఆ ఇమ్తెహాన్‌కు వారసు. మన దగ్గర దాని జోడీ ‘ఐఎస్ 14286’. ఏ కాగితంలో అయినా ముందు వెతకాల్సింది ఈ నంబరు. అది లేకపోతే మిగతా గుణగణాల గురించి బాత్ చేయడమే ఫిజూల్.

ఇక ఆ మూడు పేర్లు. ‘మోనో’ అంటే ఒకే స్ఫటికం నుంచి కోసిన సిలికాన్. దాన్ని పెంచే తరీఖా 1916లో పోలండ్‌కు చెందిన యాన్ చొఖ్రాల్‌స్కీది. కలాన్ని దవాత్‌లో ముంచబోయి పరధ్యానంగా కరిగిన తగరంలో ముంచాడని, పైకి తీస్తే సన్నటి లోహపు తీగ వచ్చిందని ఆయన గురించి చెబుతారు. ఈ పద్ధతికి సమయం, కరెంటు చాలా పడతాయి. ఆ ఖర్చు తగ్గించడానికి 1970ల చివర్లో సిలికాన్‌ను కరిగించి, అచ్చులో పోసి, గడ్డ కట్టించి కోయడం మొదలెట్టారు. అదే ‘పాలీ’, నీలంగా, మెరిసే రేకుల్లా కనిపిస్తుంది. అంటే పాలీ పుట్టింది సస్తా కోసం. ఆ పని ఎన్నో ఏళ్లు ఈమాన్‌దారీగా చేసింది కూడా. తర్వాత మోనో తయారీయే చవకైపోయింది. దాంతో పాలీ ఉండటానికి ఉన్న కారణమే కరిగిపోయింది. ఇప్పుడు ఎవరైనా పాలీ ఇస్తున్నారంటే అది మోసం కాదు, గడిచిపోయిన జమానా సరుకు. ధరలో గట్టి తేడా లేకపోతే తీసుకోనక్కర్లేదు.

‘పెర్క్’ ఆస్ట్రేలియాది. సెల్‌లోకి దిగి వాడకం కాకుండా వెనక నుంచి పోయే వెలుగును తిరిగి లోపలికి పంపే ఒక పొర. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మార్టిన్ గ్రీన్ బృందం 1980ల్లో చేసింది. ప్రయోగశాల నుంచి బజారుకు రావడానికి పాతికేళ్లు పట్టింది. ‘టాప్‌కాన్’ జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2013లో చెప్పింది. సెల్ లోపల పుట్టిన కరెంటు, లోహపు తీగల్లోకి వెళ్లే చోట కొంత నష్టపోతుంది. ఆ నష్టాన్ని ఆపే సన్నటి పొర ఇది.

ఇవన్నీ మన మిద్దె మీద ఎంత ఫరఖ్ తెస్తాయి? రెండు లెక్కలు చాలు.

మొదటిది జాగా. పాలీ దాదాపు 16-17 శాతం వెలుగును కరెంటు చేస్తుంది, పెర్క్ 20-21, టాప్‌కాన్ 22 దగ్గర. దుకాణదారు ఈ శాతాన్నే పెద్దగా చెబుతాడు. కానీ మూడు కిలోవాట్లు ఏ రకంతో పెట్టినా మూడు కిలోవాట్లే. ఎక్కువ శాతమంటే తక్కువ జాగా అని మాత్రమే మానీ. పాలీకి దాదాపు 195 చదరపు అడుగుల గాజు పడితే, టాప్‌కాన్‌కు 150 లోపు చాలు. మిద్దె ఖాళీగా పడున్నవాళ్లకు ఈ ఫాయిదా పెద్దది కాదు. బట్టలు ఆరేసుకునే, వడియాలు పెట్టుకునే చిన్న మిద్దెలకు పెద్దదే.

రెండోది వేడి. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే నెల మధ్యాహ్నం కడప మిద్దె మీద సెల్ 65 డిగ్రీలు దాటడం ఆశ్చర్యం కాదు. డిగ్రీకి పాలీ సుమారు 0.40 శాతం, పెర్క్ 0.35, టాప్‌కాన్ 0.30 పోగొట్టుకుంటాయి. 40 డిగ్రీల తేడాకు లెక్కేస్తే, వంద వాట్లలో పాలీకి 84, పెర్క్‌కు 86, టాప్‌కాన్‌కు 88 మిగులుతాయి. చల్లటి జర్మనీలో చిన్నగా కనిపించే ఈ తేడా రాయలసీమలో ప్రతి ఎండాకాలం వసూలవుతుంది.

మూడో కొటేషన్‌లోని ‘బైఫేషియల్’ అంటే రెండు ముఖాలది, వెనక పడే వెలుగునూ వాడుకుంటుంది. ఎత్తుగా నిలబెట్టి కింద తెల్లటి నేల ఉంటే ఫాయిదా. అడుగున్నర ఎత్తులో మిద్దెకు అతుక్కుని కూర్చున్న ప్యానెల్‌కు వెనక చీకటే. ఆ పేరు కోసం అదనంగా రూపాయి ఇవ్వక్కర్లేదు.

సెల్ తారీఖ్‌లో 1954 నుంచి మారనిది ఒకటుంది. ఒక సిలికాన్ సెల్ ఇచ్చేది దాదాపు అర వోల్టే. అందుకే సెల్స్‌ను వరుసగా గొలుసు కట్టాలి. గొలుసులో ఒక్క సెల్ మీద సాయా పడితే దాని వెనకాల ఉన్నవీ కుంటుపడతాయి. బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి, పూర్తిగా కాదు. పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ డిసెంబరులో ఎంత దూరం వస్తుందో చూడకుండా టాప్‌కానా పెర్కా అని బహస్ చేయడం బేకార్. మేం దక్షిణం పక్కనున్న ట్యాంకు నీడకు సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత అవతలే ప్యానెళ్లు అన్నాం.

ఇప్పుడు వారంటీ. మూడు కాగితాల్లోనూ ‘25 ఏళ్లు’ అని పెద్ద అక్షరాలు. అది కరెంటు ఇచ్చే సామర్థ్యానికి. గాజు పగులు, లోపలి అతుకులు లాంటి వాటికి ఇచ్చేది చాలాసార్లు 10-12 ఏళ్లే. ఇన్వర్టర్‌కు ఇంకా తక్కువ. దీనికి తారీఖ్ చెప్పే సబక్ ఒకటుంది. మార్టిన్ గ్రీన్ దగ్గర చదువుకున్న షీ జెంగ్‌రాంగ్ 2001లో చైనాలోని వూషీలో సన్‌టెక్ కంపెనీ పెట్టాడు. పదేళ్లలో అది దునియాలోనే అతి పెద్ద ప్యానెల్ కంపెనీల్లో ఒకటైంది. 2013లో దాని ముఖ్యమైన శాఖ దివాలా తీసింది. పాతికేళ్ల హామీ ఇచ్చిన కంపెనీ పన్నెండేళ్లలో పడిపోయింది. ప్యానెళ్లేమో మిద్దెల మీద పనిచేస్తూనే ఉన్నాయి. సిలికాన్ మాట తప్పదు, జమానత్ ఇచ్చినవాడు మిగలడమే ముష్కిల్. అందుకే ప్యానెల్ బ్రాండుతో పాటు బిగించేవాడిని కూడా పోల్చాలి. మన ఊళ్లో ఎన్నేళ్లుగా ఉన్నాడు, నాలుగేళ్ల క్రితం పెట్టిన ఇంటి అడ్రసు ఇస్తాడా, పిలిస్తే వచ్చాడా?

మన ముల్క్ వాటా కూడా ఇందులో ఉంది. సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో దేశంలో తొలి సోలార్ సెల్, మరుసటి ఏడాది తొలి ప్యానెల్ తయారు చేసింది. అయినా 2010లో సోలార్ మిషన్ మొదలయ్యే నాటికి చవక ప్యానెళ్లన్నీ బయటివే. దేశీ సరుకు వాడాలన్న మన షర్తు మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 2016లో గెలిచింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ కావాలంటే సెల్, ప్యానెల్ రెండూ ఇక్కడ తయారైనవే ఉండాలి. కొటేషన్‌లో ‘డీసీఆర్’ అనే మూడక్షరాలు అవే. అవి లేని సస్తా కొటేషన్‌కు 78 వేలు రావు, సస్తా అక్కడే ఎగిరిపోతుంది. ఆ సబ్సిడీ కూడా రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు. మూడు దాటితే ఒక్క రూపాయి పెరగదు.

మా ఇంట్లో అసలు ఝగడా అక్కడే మొదలైంది. భాయిజాన్‌కు మిద్దె నిండా ఐదు కిలోవాట్లు కావాలి, బ్యాంకు లోను తీసుకుందామన్నారు. “సూద్ పైసా ఈ ఇంటి మీదికి ఎక్కదు” అని అమ్మీ ఒక్క మాటలో తేల్చేసింది. కువైట్‌లో ఉన్న తమ్ముడు ఫోన్లో మెల్లగా అడిగాడు. “భాయ్, వచ్చే ఏడాది నా నికాహ్ అనుకుంటున్నారు కదా, పైన నాకు రెండు గదులు వేస్తానని అబ్బా అనేవారు. మిద్దంతా ప్యానెళ్లే అయితే నేనెక్కడ ఉండాలి?” ఏ కొటేషన్‌లోనూ లేని సవాల్ అది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది. పాతికేళ్లు మిద్దె ఎవరిదో, ఎవరికి ఎంత హక్కో అప్పుడే నిర్ణయమైపోతుంది, ఎవరూ నోరు తెరవకపోయినా.

అమ్మీది ఇంకో సవాల్. “కరెంటు పోయినప్పుడు నా ఫ్యాన్ తిరుగుతుందా బేటా?” తిరగదు. నెట్ మీటరుతో లైనుకు కలిపే మామూలు ఇన్వర్టర్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ జాన్ పోతుంది. కోతల్లో కూడా కావాలంటే బ్యాటరీ ఖర్చు వేరే. ముగ్గురు దుకాణదారుల్లో ఒక్కరూ ఈ మాట ముందుగా చెప్పలేదు.

చివరికి మూడు కిలోవాట్ల టాప్‌కాన్ అనుకున్నాం. శాతం చూసి కాదు, వేడి చూసి, మిగిలే జాగా చూసి. బైఫేషియల్‌కు అడిగిన అదనం తగ్గించమని బేరమాడాం. ప్యానెళ్లు మెట్ల గది వైపు, తమ్ముడి రెండు గదులకు సగం మిద్దె ఖాళీ. స్టాండ్లు విప్పి పైకి మార్చుకునేలా బోల్టులతో. ఒక కాగితం కూడా రాసుకున్నాం. వచ్చే యూనిట్లు ఏ వాటాకు ఎన్ని, పదేళ్లకు ఇన్వర్టర్ పోతే ఎవరెంత పెట్టాలి, తమ్ముడు పైన కట్టేటప్పుడు ప్యానెళ్లు మార్చే ఖర్చు ఎవరిది. ఇప్పుడు ఇక్కడ ఉండని ఆపా హిస్సా కూడా రాశాం. నలుగురం దస్తఖత్ చేశాం, తమ్ముడిది కువైట్ నుంచి వచ్చాక.

మీ ఇంట్లో కొటేషన్లు వస్తే వాట్లూ శాతాలూ పక్కన పెట్టి ముందు ఆ కాగితం రాయండి. తర్వాత డిసెంబరు నీడ చూడండి. ఆ తర్వాత నంబరు, డీసీఆర్, వేడి లెక్క, బిగించేవాడి చిరునామా. ఈ తర్తీబ్‌లో వెళితే ప్యానెల్ పేరు చివర్న దానంతటదే తేలుతుంది.