నేల తట్టిన కుర్రాడు

కుంపటి ఇటు జరిపి కూర్చోరా అబ్బాయ్. ఆ ఫోను పక్కన పెట్టు, దానికేం కాళ్ళు లేవు పారిపోవడానికి.

‘ఎంటర్ ది డ్రాగన్’ 1973 నాటి బొమ్మ. మా ఊరి టూరింగ్ టాకీసుకి చేరేసరికి రీలంతా గీతలే. నేల టికెట్టు నలభై పైసలు, వేరుశనక్కాయలు పది పైసలు. ఆ అర్ధరూపాయి నాన్న చొక్కా జేబులోంచి నా జేబులోకి ఎలా వచ్చిందో ఇంకోరోజు చెబుతాలే. బొమ్మ ఇంగ్లీషే అయినా, తన్నులకి భాషేమిటి గనక! మర్నాటికి ఊరినిండా బ్రూస్ లీలే. మా పెద్దన్న గడ్డివాము మీంచి ఎగిరి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఏదో చెప్పబోయి ఎటో పోయాను. ఆ బొమ్మ మొదట్లో బ్రూస్ లీతో కలబడి, చివరికి నేల తట్టి ఓటమి ఒప్పుకునే బొద్దు కుర్రాడొకడున్నాడు. ఈలలన్నీ గెలిచినవాడికే వేశాం, నాదీ అందులో ఉంది. ఆ పడినవాడే సామో హంగ్.

1952లో హాంకాంగులో పుట్టాడు. ‘సామో’ అంటే మూడు వెంట్రుకలని. చైనా బొమ్మల కథల్లో ఓ పిల్లాడి పేరు, మన బుడుగులా అనుకో. తొమ్మిదేళ్ళప్పుడు యు జిమ్ యూన్ అనే గురువుగారి దగ్గర, పెకింగ్ ఒపేరా అనే చైనా నాటకాల బడిలో వేశారు. ఏడేళ్ళకి ఒప్పందం. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, తలకిందులుగా నిలబెట్టడం, పిల్లిమొగ్గలు వేయించడం, తప్పితే బెత్తం. నిన్ను ట్యూషన్‌కి పంపితేనే ఇల్లు పీకి పందిరేశావు! జాకీ చాన్ కూడా ఆ బడిలోవాడే. సామో అక్కడ పెద్దన్న, చిన్నవాళ్ళమీద పెత్తనం బాగానే చెలాయించాడట. పెద్దన్నలంతా ఒక తాను గుడ్డలే.

ఇంత నేర్చాక చూస్తే, ఒపేరాకి జనం తగ్గిపోయారు. మరి కడుపు నిండాలిగా? పిల్లలంతా సినిమాల్లో దెబ్బలు తినే పనిలో చేరారు. ఆ పని తేలికనుకునేవు. పడేవాడు ఒడుపుగా పడితేనే కొట్టినవాడు వీరుడయ్యేది.

1978లో సామో తనే డైరెక్టు చేసి ‘ఎంటర్ ది ఫ్యాట్ డ్రాగన్’ తీశాడు. బ్రూస్ లీ అంటే పడిచచ్చే ఓ పందులు కాసుకునేవాడు పట్నం వస్తాడు. ఆ వేషమూ తనదే. లావుగా ఉన్నాడే, కదలడేమో అనుకుంటామా, బొంగరంలా తిరుగుతాడు! అది చూసినప్పుడు మా పెద్దన్నా, ఆ గడ్డివామూ కళ్ళముందు కదిలాయి.

ఇక 1988లో ‘పెయింటెడ్ ఫేసెస్’ వచ్చింది. ఆ బడి కథే. అందులో సామో వేసిన వేషం ఎవరిదో చెప్పుకో. బెత్తం పట్టుకున్న ఆ గురువుగారిదే! దానికి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. ఆ బెత్తం ఎలా పట్టుకోవాలో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చూశావా, ఇందాకణ్ణించి ‘వాడు’ అంటున్నవాణ్ణి ‘ఆయన’ అనేశాను. పెద్దరికం అలాగే వస్తుందిరా, చెప్పాపెట్టకుండా.

2009లో గుండెకి ఆపరేషన్. ఊరుకున్నాడా? 2010లో ‘ఇప్ మ్యాన్ 2’లో బల్ల మీదెక్కి ఆ బొమ్మ హీరో డానీ యెన్‌తో తలపడ్డాడు. నేనైతే ఈ కుర్చీలోంచి లేవడానికే నీ భుజం వెతుక్కుంటున్నాను.

ఈసారి ఆ పాత బొమ్మ పెట్టినప్పుడు, నేల తట్టేవాడికి ఓ ఈల వెయ్యి. నా బాకీ అది. ముందు ఆ కుంపట్లో రెండు బొగ్గులు వెయ్యి.