గడ్డపు కుంచె కథ

ముఖక్షౌరమునకు కావలసినవి నాలుగు: నీరు, సబ్బు, కుంచె, కత్తి. కత్తి పదునును గూర్చి అందరును ఆలోచింతురు. కుంచెను గూర్చి ఆలోచించువారు అరుదు. వాడుకలో షేవింగు బ్రష్షు అని పిలువబడు ఈ వస్తువు జానెడు పొడవైనను ఉండదు. కాని దీని చరిత్రలో కొంత భౌతికశాస్త్రమును, కొంత వర్తకుల మోసమును, ఒక భయంకర వ్యాధియు, ఎన్నో మూగజీవుల ప్రాణములును ఇమిడియున్నవి.

నెల్లూరు సముద్రతీరపు గ్రామములలో పూర్వము ఈ కుంచె లేదు. నాయీబ్రాహ్మణుడు అడపము చంకనిడుకొని వచ్చెడివాడు. చెట్టునీడను మనిషిని కూర్చుండబెట్టి, చిన్న గిన్నెలోని నీటిని వేళ్లతో గడ్డమునకు పట్టించి, చాలసేపు రుద్ది, ఆ పిమ్మటనే కత్తి పెట్టెడివాడు. సబ్బు లేదు, నురుగు లేదు. ఇది మోటుపద్ధతి అని కొందరు తలంపవచ్చును. కాని క్షౌరవిద్యలోని ముఖ్యరహస్యము ఆ రుద్దుటలోనే యున్నది.

వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. పొడి వెంట్రుక మిక్కిలి గట్టిది. అయితే అది తన బరువులో సుమారు 30 శాతము నీటిని పీల్చుకొనగలదు. నీరు లోనికి చొచ్చుకొనిపోయినప్పుడు కెరటిన్ అణువులను బిగించియుంచు హైడ్రోజన్ బంధములు సడలును. వెంట్రుక ఉబ్బి మెత్తబడును. అప్పుడు దానిని కోయుటకు చాల తక్కువ బలము సరిపోవును. ఇందుకు రెండు మూడు నిమిషములు నానిన చాలును. కాని గడ్డపు వెంట్రుకలకు అంటియున్న చమురు నీటిని దరిచేరనీయదు. వ్రేళ్లతో రుద్దినచో ఆ చమురు చెదరును. సబ్బు ఆ పనిని మరింత సులభముగా చేయును. సబ్బునురుగు నీటిని జారిపోకుండ ముఖముమీద నిలిపియుంచును. కనుక కుంచె యనగా ముఖమునకు నీటిని మోసుకొనిపోయి నురుగుగా మార్చు పరికరము. ఈ మాట గుర్తుంచుకొన్నచో మంచి కుంచె యేదో, కానిది యేదో తెలిసికొనుట కష్టము కాదు.

కుంచె నేటి రూపమున వ్యాప్తి చెందినది 18వ శతాబ్దమున, ఫ్రాన్సుదేశములో. ఆ కాలముననే అక్కడ తన గడ్డమును తానే గీసికొను అలవాటు పెరుగజొచ్చెను. పారిసు నగరమున కత్తులు చేయు జాన్ జాక్ పెరే అను నతడు ఆ విద్యను నేర్పుచు 1769లో ఒక గ్రంథమునే ప్రకటించెను. ఫ్రెంచి భాషలో ‘బ్లెరో’ అను మాటకు రెండర్థములు: ఒకటి బాడ్జరు అను జంతువు, రెండవది గడ్డపు కుంచె. ఆ జంతువు వెంట్రుకకును ఈ వస్తువునకును గల సంబంధము భాషలోనే స్థిరపడిపోయినది.

బాడ్జరు వెంట్రుక ప్రత్యేకత యేమి? అది మొదట సన్నము, నడుమ లావు, కొన మరల సన్నము. నడుమ నల్లని పట్టీ, కొన తెలుపు. ఇట్టి వెంట్రుకలను వేలకొలదిగ ఒక ముడిగా కట్టినప్పుడు వాని నడుమ సన్నని సందులు ఏర్పడును. కుంచెలోని నీరు ప్రధానముగా ఈ సందులలోనే నిలుచును. సన్నని సందులోనికి ద్రవము తనంత తానే ఎక్కి నిలుచు ఈ ధర్మమును కేశాకర్షణ మందురు. ఆ పేరులోనే కేశమున్నది! కొనలు సహజముగా సన్నబడియుండుటచే అవి చర్మమునకు గుచ్చుకొనవు.

1801లో నెల్లూరు మండలము ఆర్కాటు నవాబు చేతినుండి ఈస్టిండియా కంపెనీ పాలనలోనికి వచ్చెను. దొరల బంగళాలతో పాటు వారి అలవాట్లును వచ్చెను. 1840ల దశకమున నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండిన టి. సి. జెర్డాన్ గొప్ప జంతుశాస్త్రజ్ఞుడు. ఇక్కడి యానాదులవలన జంతువుల, పక్షుల స్థానిక నామములను, వాని నడవడిని అతడు తెలిసికొనెను. 1867లో అతడు ప్రకటించిన భారతదేశ క్షీరదముల గ్రంథమున మన దేశపు బాడ్జరును కూడ వర్ణించెను. హిందీలో దీనిని బిజ్జు అందురు. దీనికి ‘బియు ఖవార్’ అను తెలుగు పేరు నాటి జంతుశాస్త్ర గ్రంథములలో కనబడుచున్నది. నల్లమల అడవులలో నివసించు ఈ రాటెల్, ఐరోపా బాడ్జరునకు దూరపు బంధువు మాత్రమే. దీని వెంట్రుక ముతక. కుంచెకు పేరుపొందినది ఇది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి రక్షించుచున్నది.

బాడ్జరు వెంట్రుక ఖరీదైనది. ఖరీదైన వస్తువునకు నకిలీ పుట్టుట సహజము. గుఱ్ఱపు వెంట్రుకకు రంగువేసి, నడుమ నల్లపట్టీ దిద్ది, బాడ్జరు వెంట్రుకగా అమ్మసాగిరి. మొదటి ప్రపంచయుద్ధము 1914లో ఆరంభము కాగా పాత వర్తకమార్గములు తెగిపోయెను. ఆసియానుండి వచ్చు గుఱ్ఱపు వెంట్రుకలు సరియైన శుద్ధి లేకయే కుంచెలలోనికి చేరెను. సైనికులకు ఆ కుంచెలే అందెను. అటుపై బ్రిటనులోను అమెరికాలోను సైనికులకు, పౌరులకు ముఖముపైనను మెడపైనను నొప్పి లేని పుండ్లు లేచి, నడుమ బొగ్గువలె నల్లని పెచ్చు కట్టజొచ్చెను. అది ఆంత్రాక్సు. గ్రీకుభాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థము. 1915 మొదలు దాదాపు పదేండ్లలో ఆ రెండు దేశములలో 200 మందికి పైగా కుంచెలవలన ఈ వ్యాధి సోకెను. వారిలో కొందరు మరణించిరి. 1920లో బ్రిటను జపానునుండి గడ్డపు కుంచెల దిగుమతిని నిషేధించెను. 

సబ్బునీటిలో దినమును తడియు కుంచెలో సూక్ష్మజీవి ఎట్లు బ్రతికెను? దీనికి సమాధానము 1876లోనే జర్మను వైద్యుడు రాబర్ట్ కాక్ కనుగొనియుండెను. ఈ సూక్ష్మజీవి ప్రతికూల పరిస్థితులలో గట్టి పొరగల సిద్ధబీజములుగా మారును. అవి ఎండకు, తడికి సులభముగ నశింపక సంవత్సరముల తరబడి నిలిచియుండును. కత్తిగాటు ద్వారమైనది, కుంచె వాహనమైనది.

ఈ వ్యాధి నెల్లూరు సీమకు తెలియనిది కాదు. మన గొఱ్ఱెల కాపరులు దొమ్మరోగమని భయపడునది ఇదియే. నెల్లూరు జాతి గొఱ్ఱె పొడవైన కాళ్లతో, పొట్టి వెంట్రుకలతో దేశమంతట పేరుపొందినది. మందలో ఒక జీవము ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుండి నోటినుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారినచో దానిని కోయరాదు, తోలు ఒలువరాదు. పశువైద్యునకు తెలిపి, అతడు చెప్పినట్లు లోతుగా పాతిపెట్టవలెను. 1881లో పాశ్చరు గొఱ్ఱెలపై తన టీకాను బహిరంగముగా పరీక్షించి చూపినది ఈ వ్యాధి విషయముననే. లండనులోని సైనికుని గడ్డమునకును పెన్న ఒడ్డున మేయు గొఱ్ఱెకును శత్రువు ఒక్కటే.

నేడు కుంచెల వెంట్రుకలను శుద్ధిచేసిన పిమ్మటనే వాడుదురు కాబట్టి క్రొత్త కుంచెలను చూచి భయపడ పనిలేదు. అయినను తాతలనాటి పాత కుంచె దొరికినదని ముచ్చటపడి ముఖమునకు పెట్టుట వివేకము కాదు.

కుంచెను ఎన్నుకొనునప్పుడు మూడు పరీక్షలు చాలును. కొనలను చెంపకు తాకించినచో గుచ్చుకొనరాదు. గుచ్చుకొన్నచో అవి కత్తిరించిన కొనలని గ్రహింపవలెను. వ్రేలితో వంచి విడిచినచో వెంటనే నిటారుగ నిలువవలెను. దువ్వినప్పుడు వెంట్రుకలు ఊడి రారాదు. మొదటి రెండు మూడు దినములు నాలుగైదు రాలుట మాత్రము సహజము. పెట్టెపై వ్రాసిన ‘ప్యూర్’, ‘బెస్ట్’, ‘సిల్వర్ టిప్’ అను పేర్లు వర్తకులు పెట్టుకొన్నవి. వానికి అందరును అంగీకరించిన కొలత లేదు.

వాడుకలో తీరవాసులకు ఒక చిక్కు కలదు. సముద్రమునకు దగ్గరి బావులలో నీరు ఉప్పన. అందలి సున్నపు, మెగ్నీషియపు లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టగా విరిగిపోవును, నురుగు నిలువదు. కాచినచో కొంత కఠినత్వము పోవును గాని ఉప్పు పోదు. వాననీరు గాని, చెరువునీరు గాని ఒక చెంబెడు ఉంచుకొనుట మేలు. కుంచెను గోరువెచ్చని నీటిలో రెండు నిమిషములు నానబెట్టి, ఒకసారి విదిలించి, సబ్బుపై గుండ్రముగా త్రిప్పి, ముఖముపై అట్లే త్రిప్పవలెను. మొదలంట అదిమినచో వెంట్రుకలు విరుగును. మరుగు నీరు తగిలినచో ముడిలోని జిగురు వదులును. పని ముగిసిన పిదప కడిగి, పిండి, గాలికి ఆరనీయవలెను. తీరపు తేమగాలిలో తడికుంచెను మూతపెట్టిన డబ్బాలో ఉంచినచో బూజు పట్టును. ఒకరి కుంచెను మరియొకరు వాడరాదు.

చివరకొక మాట. మన దేశమున చిత్రకారుల కుంచెలకే గాక గడ్డపు కుంచెలకును ముంగిసల వెంట్రుకలను వాడిరి. ఇందుకై లెక్కకు మిక్కిలి ముంగిసలు హతమైనవి. ఆ వ్యాపారము చట్టవిరుద్ధము. 2019లో వన్యప్రాణి నేరముల నియంత్రణ సంస్థ ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరిట పలుచోట్ల దాడులు జరిపెను. పొలముగట్లపై పామును, ఎలుకను పట్టు ముంగిస రైతునకు మిత్రము. కొనువారు లేనిచో చంపువారును ఉండరు.

1938లో నైలాను కుచ్చుల పండ్లబ్రష్షు అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. అటుపిమ్మట కృత్రిమతంతువులు చాల మెరుగుపడినవి. నేడు కొనవైపు సన్నబడునట్లు చేసిన తంతువులతో మెత్తని గడ్డపు కుంచెలు తయారగుచున్నవి. తంతువు తాను నీటిని పీల్చకపోయినను తంతువుల నడుమ సందులు నీటిని పట్టును. త్వరగా ఆరును కూడ. కుంచె చేయవలసిన పని నీటిని మోయుట. ఆ పనికి ఒక జీవి ప్రాణము అవసరము లేదు. చెట్టునీడను కూర్చుండి వ్రేళ్లతో గడ్డమును నానబెట్టిన మన పల్లె క్షురకుడు ఆ పనిని ఏ జంతువు వెంట్రుకయు లేకయే నెరవేర్చెను గదా!