తవ్వకముందే నేలను చదవడం: ఇచ్చోడ నల్లరేగడి, భూభౌతిక పద్ధతులు

ప్రాచీన స్థలాన్ని తవ్వడమంటే దానిని కొంతమేరకు నాశనం చేయడమే. తొలగించిన మట్టిపొరను మరల యథాస్థానంలో ఉంచలేము. అందుచేత పార ఎత్తకముందే భూగర్భాన్ని పరిశీలించే భూభౌతిక పద్ధతులను, ఉత్తర తెలంగాణ నేలలను దృష్టిలో ఉంచుకొని, ఇక్కడ చర్చిస్తున్నాము.

ఈ పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది విద్యుత్ నిరోధ పద్ధతి. నేలలోకి విద్యుత్తును పంపినప్పుడు తడిమట్టి నిండిన పాత కందకం తక్కువ నిరోధాన్ని, రాతి పునాది ఎక్కువ నిరోధాన్ని చూపుతాయి. 1946లో రిచర్డ్ అట్కిన్సన్ ఇంగ్లాండులో దీనిని పురావస్తు పరిశోధనకు వినియోగించాడు. రెండవది అయస్కాంత పద్ధతి. కాలిన మట్టి చల్లారేటప్పుడు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రాన్ని తనలో నిలుపుకొంటుంది. ఈ గుణం ఆధారంగానే 1958లో మార్టిన్ ఎయిట్‌కెన్ రోమను కాలపు కుమ్మరి ఆవములను పైనుండే పసిగట్టాడు. మూడవది, భూమిలోకి రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటిని నమోదు చేసే రాడార్.

వీటిని ఇచ్చోడ ప్రాంతానికి అన్వయించి చూద్దాము. ఆదిలాబాద్ పడమటి భాగంలో అడుగున దక్కన్ లావా రాయి, పైన నల్లరేగడి. రేగడిలోని బంకమన్ను, ముఖ్యంగా తడిసినప్పుడు, రాడార్ తరంగాలను మింగివేస్తుంది. లావా రాయికి సహజంగానే అయస్కాంత గుణమున్నది గనుక పాతుకుపోయిన బండ సైతం పాత పొయ్యివలె భ్రమింపజేయగలదు. కాబట్టి ఇక్కడ మొదట విద్యుత్ నిరోధ పద్ధతిని ఆశ్రయించడం మేలని మా అభిప్రాయం. అదైనా నెర్రెలు విచ్చిన ఎండాకాలపు నేలలో కుదరదు. కడ్డీలకు మట్టి అంటుకోదు. రైతు విత్తనానికి చూసే పదునే ఈ పరికరానికీ కావాలి.

గోదావరి తీరాన కోటిలింగాల పరిస్థితి వేరు. శాతవాహన చిముకుని నాణేలు లభించిన ఆ స్థలంలో ఇటుక కట్టడాలు బయల్పడినాయి. కాల్చిన ఇటుక అయస్కాంత పరికరానికి అనుకూలం. ఎల్లంపల్లి జలాశయపు ముంపు తాకిన అటువంటి చోట ఏ భాగాన్ని ముందు తవ్వాలో తేల్చడానికి, కొద్ది రోజుల్లో ముగిసే కొలత ఎంతో విలువైనది. ఇందుకు అవసరమైన నైపుణ్యం దూరాన లేదు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులోనే ఉన్నది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. పరికరం గోడను చూపుతుంది గాని దాని వయస్సును చెప్పదు. 1930లలో జాన్ గార్‌స్టాంగ్ యెరికోలో బయల్పడిన కూలిన గోడలను యెహోషువ కాలానివన్నాడు. 1952-58 మధ్య అక్కడ తవ్విన కాథ్లీన్ కెన్యన్, అవి అంతకు సుమారు వెయ్యేళ్లు పూర్వపువని మట్టిపొరల ఆధారంగా చూపింది. కళ్లెదుట నిలిచిన గోడ విషయంలోనే ఇంత భేదం వచ్చినప్పుడు, తెరమీది నీడను చూసి అది ఏ కాలానిదో, ఎవరి మందిరమో తీర్మానించడం తగదు. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకుండా విడిచిపెట్టాలో చెప్పడమే ఈ పద్ధతుల పని. తీర్పు మాత్రం మట్టిపొరలదే.